వరంగల్ అంటే ఏ వరంగల్?

వానలకు ఇళ్లు మునిగిన కాలనీల్లో భోజనం ప్యాకెట్లు పంచడానికి మా ఫ్రెండ్స్ ఒక మ్యాప్ అడిగారు. వరంగల్‌లో ఏ మండలానికి ఎవరు వెళ్లాలో రంగులేసి ఇస్తే చాలన్నారు. పైథాన్‌లో జియోపాండాస్ ఉండగా అదెంత పని? తెలంగాణ మండలాల ఫైల్ తెరిచి, జిల్లా కాలమ్‌లో 'వరంగల్' అని ఉన్న వరసలే ఉంచమని ఒక్క లైన్ కోడ్ రాశా. ఎర్రర్ రాలేదు. మ్యాప్ గ్రూపులో పెట్టేసి పడుకున్నా.

పొద్దున్నే చిన్నమ్మ ఫోన్. "నీ మ్యాప్‌ల మా కాజీపేట లేదేంది బిడ్డా? మా దిక్కు ఎవ్వరు రారా?"

నిద్ర ఎగిరిపోయింది.

కోడ్ తప్పు కాదు, నేను అడిగిందే ఇచ్చింది. 2011 జనాభా లెక్కల నాటి ఫైల్‌లో వరంగల్ అంటే పెద్ద జిల్లా. ములుగు, జనగామ, మహబూబాబాద్ అన్నీ అందులోనే. 2016లో విడగొట్టాక వరంగల్ అర్బన్, రూరల్ అయ్యాయి. ఆ ఫైల్‌లో ఉత్త 'వరంగల్' అని వెతికితే సున్నా వరసలొస్తాయి. 2021లో అర్బన్ హనుమకొండ అయింది, రూరల్ వరంగల్ అయింది. కొన్ని మండలాలూ అటూ ఇటూ మారాయి. నా దగ్గరున్నది ఈ కొత్త ఫైల్. కాజీపేట హనుమకొండ జిల్లాలో ఉంది. ఒకే పేరు, మూడు ఫైళ్లలో మూడు జవాబులు.

సున్నా వరసలొస్తే నయం, ఖాళీ మ్యాప్ చూసి అనుమానం వస్తుంది. సగం సరైన మ్యాపే ముంచేది, చూడ్డానికి బాగానే ఉంటుంది మరి.

వెంటనే కూర్చుని జిల్లా పేరు వదిలేశా. కావాల్సిన మండలాల లిస్టు రాసుకుని, 'ఈ లిస్టులో ఉన్నవే' అని ఫిల్టర్ పెట్టా. దానికి 'ఈజ్‌ఇన్' అనే ఫంక్షన్ ఉంది. అందులోనూ ఒక తిరకాసు. హనుమకొండ, హన్మకొండ, హనంకొండ... ఇంగ్లిష్‌లో ఒక్కో ఫైల్‌ది ఒక్కో స్పెల్లింగ్. అందుకే కేంద్రం వాళ్ల లోకల్ గవర్నమెంట్ డైరెక్టరీలో మండలాలకిచ్చిన కోడ్‌లతో ఫిల్టర్ చేశా. (ఆ కోడ్ కాలమ్‌లో అంకెగా ఉందో, అక్షరాలుగా ఉందో చూసుకోండి. అది కలవకపోయినా మళ్లీ సున్నా వరసలే, నోరెత్తదు.) ఇప్పుడు ఫిల్టర్ కాగానే ఎన్ని వరసలొచ్చాయో లెక్కపెట్టి, నా లిస్టుతో కలవకపోతే ప్రోగ్రామ్ ఆగిపోయేలా ఇంకో లైన్ పెట్టుకున్నా.

మధ్యాహ్నానికి కాజీపేటకు ప్యాకెట్లు చేరాయి. మీది హనుమకొండ జిల్లా కదా అని చిన్నమ్మకు చెప్పి చూశా. "ఏ జిల్లయితే ఏంది బిడ్డా, మాది వరంగలే" అంది.