బోర్డు మీది అంకె

పెద్ద ఫ్యాక్టరీల గేటు దగ్గర ఓ బోర్డు కనిపిస్తుంటుంది. 'ప్రమాదం లేకుండా గడిచిన రోజులు' అని రాసి, పక్కన ఓ అంకె. అది పెరుగుతుంటే లోపలివాళ్లకు గర్వం, ఇంట్లోవాళ్లకు ధీమా. ఇంతకీ ఆ అంకె ఎప్పుడు పెరుగుతుంది? ప్రమాదాలు తగ్గినప్పుడు... లేదా ప్రమాదాలు రాయడం తగ్గినప్పుడు!

అసలు ప్రమాదాల్ని లెక్కించేదెలా? వెయ్యిమంది పనిచేసే కర్మాగారంలో ఏడాదిలో 12 మంది గాయపడ్డారనుకోండి. రెండొందల మందే ఉన్న మరోచోట ఆరుగురు. చూడగానే రెండోదే నయమనిపిస్తుంది. రోజుకు ఎనిమిది గంటల చొప్పున ఏడాదికి 300 రోజులు పనిచేస్తే మొదటిచోట 24 లక్షల పనిగంటలు, రెండోచోట 4.8 లక్షలు. పది లక్షల పనిగంటలకు ఎన్ని గాయాలో లెక్కేస్తే మొదటిది 5, రెండోది 12.5. అంటే, చిన్న ఫ్యాక్టరీలోనే ముప్పు రెండున్నర రెట్లు!

లెక్క బాగానే ఉంది. చిక్కల్లా అందులోకి ఏం వస్తుందన్నదే. దెబ్బతగిలి 48 గంటలపాటు పనికి రాలేకపోతే యాజమాన్యం ప్రభుత్వానికి తెలియజేయాలన్నది 1948 నాటి ఫ్యాక్టరీల చట్టం నుంచీ ఉన్న నియమం. మరి, వేలు నలిగినవాణ్ని మర్నాడే కట్టుతో పిలిపించి, కుర్చీలో కూర్చోబెట్టి హాజరు వేయిస్తే? కాంట్రాక్టు కూలీకి తగిలిన దెబ్బ 'మా లెక్కలోది కాదు' అనేస్తే? రిజిస్టర్లో గాయం ఉండదు. బోర్డు మీద మరో రోజు పెరుగుతుంది. ఆ వేలిని నలిపిన యంత్రం మాత్రం అలాగే తిరుగుతుంటుంది.

ఈ ధోరణికి ఎదురెళ్లిన మనిషి పాల్ ఓనీల్. 1987లో అమెరికా అల్యూమినియం దిగ్గజం అల్కోవాకు అధిపతి అయ్యారు. ఆ అక్టోబరులో న్యూయార్క్‌లో మదుపుదారులతో తొలి సమావేశం. లాభాల గురించి చెబుతారనుకుంటే, కార్మికుల భద్రత గురించి మాట్లాడారు. ఒక్క గాయమూ ఉండకూడదన్నదే లక్ష్యమన్నారు. భద్రతలో ఆ సంస్థ అప్పటికే దేశ సగటుకన్నా మెరుగు. అయినా సరే! ఎవరికి దెబ్బతగిలినా 24 గంటల్లో ఆ విభాగాధిపతే తనకు చెప్పాలన్నారు. మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో కూడా చెప్పాలన్నారు.

పైవాడికి ఒక్కరోజులో తెలియాలంటే కిందివాడు నోరు విప్పాలి. విప్పేసరికి గాయాలతోపాటు యంత్రాల్లోని లోపాలూ బయటికొచ్చాయి. 1996లో, మెక్సికో ఫ్యాక్టరీలో కార్మికులు విషవాయువు బారినపడ్డ సంగతి పైకి తెలియజేయనందుకు ఓ ఉన్నతాధికారి ఉద్యోగమే పోయింది. ఓనీల్ హయాంలో, పనిదినాలు పోగొట్టే గాయాలు ఏటా వందమందికి 1.86 నుంచి 0.2కు తగ్గాయి. లాభమూ అయిదు రెట్లు దాటింది.

గాజువాకలోనో రామచంద్రాపురంలోనో రాత్రి షిఫ్టు ముగించుకుని ఇంటికొచ్చిన మనిషి, 'ఇవాళ కొద్దిలో తప్పింది' అంటాడు. మనం దేవుడికి దండం పెట్టుకుని అన్నం వడ్డిస్తాం. దండం పెట్టుకోండి, తప్పులేదు. రేపు ఆ మాట సూపర్‌వైజర్‌కీ చెప్పమనండి. చెప్పినవాడి ఉద్యోగానికి ఢోకా లేదన్న భరోసా మాత్రం యాజమాన్యమే ఇవ్వాలి. ఆ భరోసా ఉన్నచోటే బోర్డు మీది అంకెను నమ్మొచ్చు.