ఆల్కాటుగారి ఇంటివారు

వైశాఖ పూర్ణిమనాడు సింగపూరులో సెయింట్ మైకేల్స్ రోడ్డున నున్న శ్రీలంకారామయ ఆలయమునకు పోయినవారికి, లోపల శయనించియున్న బుద్ధమూర్తిని దర్శించుటకు ముందే, నీల, పీత, లోహిత, శ్వేత, మాంజిష్ఠ వర్ణముల పట్టెలతోను, ఆ ఐదింటిని ఒకదానిపై నొకటి పేర్చిన ఆరవ పట్టెతోను బౌద్ధపతాకము కానవచ్చును. 1885 ప్రాంతమున కొలంబోలోని బౌద్ధులు దీనిని కల్పించినప్పుడు అది ఓడకొయ్యలకు కట్టు జెండావలె మిక్కిలి బారుగా నుండెను. ఊరేగింపులలో పట్టుటకుగాని, ఇండ్లమీద ఎగురవేయుటకుగాని అది అనువు కాదనియు, సాధారణమైన జెండా కొలతకు దానిని కుదింపవలె ననియు చెప్పి ఒప్పించినవాడు కర్నల్ హెన్రీ స్టీల్ ఆల్కాట్ అను అమెరికా దేశస్థుడు. ఈ సలహాలో వేదాంత మేమియు లేదు. పిల్లల చేతికి ఏది ఇముడునో ఎరిగిన బడిపంతులును, సైన్యములో సంకేత విభాగమున పనిచేసి జెండాల ఉపయోగమెరిగిన సైనికుడును అందు కలసి మాటలాడినట్లు నాకు తోచును.

ఆల్కాట్ 1832 ఆగస్టు 2వ తేదీన న్యూజెర్సీ రాష్ట్రమున ఆరెంజి పట్టణములో జన్మించెను. తండ్రి వ్యాపారము చెడిపోవుటచే న్యూయార్కులో కళాశాల చదువు మధ్యలోనే విడిచి, ఒహాయో పోయి సేద్యము పట్టెను. అటుపిమ్మట సేద్యమునే శాస్త్రముగా బోధించుటకు వెస్ట్‌చెస్టరులో పాఠశాల పెట్టెను. 1857లో ఆయన ప్రకటించిన గ్రంథము తీపిజొన్నను గూర్చినది. జొన్నదంటు నమలి రసము మ్రింగుట రాయలసీమ పిల్లలకు ఒకరు నేర్పవలసిన విద్య కాకపోయినను, దానినుండి పాకము తీయు విధమును అమెరికా రైతులకు చెప్పుటకు ఒక పుస్తకము కావలసివచ్చెను. అంతర్యుద్ధము రాగా ఉత్తర కరోలినాలో బర్న్‌సైడ్ సేనాపతి దండులో చేరి, రక్తగ్రహణిచే మంచముపట్టి యుద్ధరంగమునుండి మరలెను. కోలుకొన్నపిమ్మట సైన్యపు సరఫరాలలోను జీతముల బట్వాడాలలోను జరుగు మోసములను పట్టుకొను పని ఆయనకు అప్పగింపబడెను. కర్నల్ అను బిరుదు తుపాకి పేల్చినందుకంటె లెక్కలు విప్పినందుకే ఆయనకు ఎక్కువ చెల్లునని నా నమ్మకము. 1865లో లింకను హత్యను విచారించిన తొలి సంఘమునందును ఆయన సభ్యుడుగా నుండెను.

బ్లావట్‌స్కీ దొరసానితో కలిసి దివ్యజ్ఞాన సమాజమును 1875లో స్థాపించిన కథ ఎల్లరెరిగినదే. తెలుగువారికి అంతగా తెలియనిది 1882 మే మాసపు ప్రయాణము. నడివేసవిలో వారిరువురు బకింగుహాము కాలువమీద పడవనెక్కి నెల్లూరు చేరి, అటనుండి పెదగంజాము వరకు మరల కాలువ పట్టి, ఆపై బోయీలు మోయు పల్లకీలలో గుంటూరు పోయిరి. అంతకు కొలదియేండ్లకు పూర్వము ధాతకరవులో ఆ కాలువలో మూడు మైళ్లకు పైబడిన భాగమును కంట్రాక్టు పట్టి, ఆకలిగొన్న మాదిగలకు కూలి కల్పించి త్రవ్వించినవాడు ఒంగోలు బాప్తిస్టు మిషనరీ క్లౌ దొర. ఆయనయు అమెరికావాడే. మిషనరీల పొడ గిట్టని ఆల్కాటు పడవ ఆ మిషనరీ త్రవ్వించిన నీటిమీదనే సాగిపోయెను.

ఆల్కాట్ చేసిన పనులలో నాకు మిక్కిలి నచ్చినది 1881లో ప్రకటించిన బౌద్ధ ప్రశ్నోత్తర గ్రంథము. మిషనరీలు ఆదివారపు బడులలో పిల్లలచే వల్లె వేయించు ప్రశ్నోత్తరముల పద్ధతినే తీసికొని, దానిలో బుద్ధధర్మమును నింపి సింహళ బాలుర చేతికిచ్చెను. ముద్రణకు ముందు హిక్కడువే సుమంగళ మహాస్థవిరుని సమ్మతికై వ్రాతప్రతిని మాటమాటగా పరిశీలించుచుండగా, నిర్వాణమును గూర్చిన చోట వాదము ముదిరి పుస్తకమే ఆగిపోవు స్థితి ఏర్పడెను. తుదకు సమాధానము కుదిరినది. అది మొదలు సింహళమున బౌద్ధ పాఠశాలలు వరుసగా వెలసెను. 1886లో కొలంబోలో ప్రారంభమైన ఆనంద కళాశాల వానిలో ప్రసిద్ధము. 1889లో యువకుడగు సింహళ బౌద్ధ ప్రచారకుడు ధర్మపాలుని వెంటబెట్టుకొని జపాను పోవుచు ఆయన ఈ సింగపూరు రేవు మీదుగానే సాగెను. 1894లో మద్రాసులోని అడయారు చెంత పంచముల పిల్లలకు ఉచిత పాఠశాల పెట్టెను.

ఇక ఇంటి సంగతి. 1860లో ఆయన న్యూరొషెల్ పట్టణపు క్రైస్తవాచార్యుని కుమార్తె మేరీ ఎప్లీ మోర్గనును వివాహమాడెను. నలుగురు బిడ్డలు కలిగిరి. ఇరువురు పసితనముననే పోయిరి. మోర్గను, విలియము అను కుమారులు మిగిలిరి. 1874 ప్రాంతమున దంపతులకు విడాకులైనవి. 1878 డిసెంబరులో ఆయన భారతదేశమునకు ఓడనెక్కునప్పటికి ఆ బాలురకు ఇరువది యేండ్లైనను నిండలేదు. ఆయన వ్రాసిన ఆరు సంపుటముల స్మృతిగ్రంథములో గుంటూరు దారిలోని పల్లకీలకు దొరికిన చోటు భార్యాబిడ్డలకు దొరకలేదు.

దీనికి సమాధానము చెప్పువారు సిద్ధార్థుని జూపుదురు. ఆ పోలిక నాకు సమ్మతము కాదు. గౌతముడు కపిలవస్తునకు మరలివచ్చెను; రాహులుడు ఎదుట నిలిచి తండ్రిని దాయమడిగెను; ఆ కథను బౌద్ధ గ్రంథములు దాచక చెప్పినవి; యశోధర దుఃఖమును కవులు తరతరములుగా పాడిరి. మేరీ మోర్గనును ఎవరు పాడిరి? ఇల్లు విడుచుట తప్పని నేననుట లేదు. విడాకులు ప్రయాణమునకు నాలుగేండ్లు ముందే జరిగినవి గనుక, ధర్మముకొరకు సంసారమును త్యజించెనని ఆయన భక్తులు చెప్పు మాటయు సరికాదు. విఫలమైన దాంపత్యమును త్యాగముగా వర్ణించుట ఆయనకు గౌరవము కాదు. ఆమెకు అంతకంటెను కాదు. మోసపు లెక్కలను విప్పుటలో నేర్పరియైన మనుష్యుని జీవితమునకు సరియైన లెక్క వ్రాయువారు లేకపోవుట వింతయే.

ఆల్కాట్ 1907 ఫిబ్రవరి 17వ తేదీన అడయారులో మరణించెను. నేటికిని ఆ దినమున శ్రీలంకలో పాఠశాలల బాలబాలికలు ఆయనను స్మరింతురు. కొలంబో కోట రైల్వేస్టేషను ముందు ఆయన విగ్రహము కలదు. ఆ దినమున వేదికనెక్కి ఆయన నెలకొల్పిన బడుల సంఖ్య చదువువారు, న్యూయార్కులో పెరిగిన ఆ ఇరువురు కుమారుల పేర్లును, వారిని పెంచిన తల్లి పేరును చదువవలెనని నా మనవి. అందుకు అర నిమిషమైనను పట్టదు.