తీరిక వేళ: చుట్టలకొక ప్రయాణపు పెట్టె

ఈ మాసం మాకు అందిన ఉత్తరాలలో ఒకటి కిరందుల్ టౌన్‌షిప్ నుండి వచ్చింది. వ్రాసినవారు వర్క్‌షాపులో పనిచేసే సోదర ఉద్యోగి. వారి తండ్రిగారు గోదావరి లంక గ్రామంలో జీవితమంతా వ్యవసాయం చేసిన పెద్దలు. ఏటా వానాకాలంలో కొడుకు ఇంటికి వచ్చి మనుమలతో రెండు నెలలు గడపడం వారి అలవాటు. వెంట తెచ్చుకునే సామానులో ముఖ్యమైనది స్వయంగా చుట్టుకున్న లంక చుట్టల కట్ట. రెండేళ్లుగా ఆ చుట్టలు ఇక్కడికి వచ్చిన పది రోజులకే బూజు పడుతున్నాయి. బయట దుకాణంలో దొరికేవి వారికి నచ్చవు. కిందటేడు ఊళ్లో పని ఉందని చెప్పి వినాయక చవితికి ముందే రైలెక్కారట. "పని ఏమీ లేదని ఆయనకూ తెలుసు, మాకూ తెలుసు. చుట్టలు చెడకుండా నిలవ ఉంచే పెట్టెను ఇంట్లో చేసుకొనే మార్గం ఉంటే తెలుపగలరు" అని ఉత్తరం ముగించారు.

ఈ ఉత్తరానికి సమాధానం ఇవ్వవచ్చునా అని మేము కొంత తర్జనభర్జన పడ్డాము. పొగాకు హానికరమన్న విషయంలో సందేహానికి తావు లేదు. అయితే డెబ్బై ఏళ్లు దాటిన పెద్దాయన అలవాటు మా మౌనం వల్ల మారదు. బూజు పట్టిన చుట్ట కాల్చడం మాత్రం హానికి మరొక హాని జోడించడమే. అందువల్ల పెట్టె సంగతి వివరంగా వ్రాస్తున్నాము. చెప్పవలసిన మరొక మాటను చివరికి ఉంచుకున్నాము.

ముందుగా చుట్టను గురించి కొంత. గోదావరి లంకలలో ఏటేటా వరద వదలి వెళ్లే ఒండ్రు మట్టిలో పండే పొగాకుకు శతాబ్దానికి పైగా పేరుంది. సర్ ఆర్థర్ కానన్ డాయిల్ 1890లో వెలువరించిన 'ది సైన్ ఆఫ్ ఫోర్' నవలలో షెర్లాక్ హోమ్స్ పొగాకు బూడిదల భేదాలు చెబుతూ మన లంక చుట్టను పేరుపెట్టి ప్రస్తావిస్తాడు. కేంద్ర పొగాకు పరిశోధనా సంస్థను 1947లో రాజమహేంద్రవరంలో నెలకొల్పారు. చుట్టను ఆంగ్లేయులు 'చెరూట్' అన్నారు. అది తమిళుల 'సురుట్టు' నుండి వచ్చిన మాట.

పాశ్చాత్య దేశాలలో సిగార్లు నిలవచేసే పెట్టెను హ్యూమిడర్ అంటారు. దాని వెనుక ఉన్న సూత్రం చాలా సరళమైనది. పొగాకు ఆకు చుట్టూ ఉన్న గాలిలోని తేమను పీల్చుకుంటుంది, గాలి పొడిగా ఉంటే తన తేమను విడిచిపెడుతుంది. గాలిలో తేమ 65 నుండి 70 శాతం ఉంటే ఆకు మెత్తగా, విరగకుండా ఉంటుంది. అంతకు బాగా తగ్గితే పై ఆకు పెళుసెక్కి పగులుతుంది. 75 శాతం దాటి కొన్నాళ్లుంటే బూజు మొదలవుతుంది. హ్యూమిడర్ లోపల సాధారణంగా స్పానిష్ సెడార్ అనే కలపను పరుస్తారు. పేరు సెడార్ అయినా అది మన వేపచెట్టు కుటుంబానికి చెందినది. మన దేశంలో తూన్ అనీ, నందివృక్షమనీ పిలిచే చెట్టు దానికి దగ్గరి బంధువు.

ఇక్కడొక చిక్కు ఉంది. విదేశీ పుస్తకాలలోని సలహాలన్నీ పెట్టెలోకి తేమను ఎక్కించడం ఎలాగన్న దానిపైనే. చలికాలంలో గదులను వేడిచేసుకొనే దేశాలలో గాలి ఎండిపోతుంది కనుక వారి బాధ అది. బస్తర్‌లో మన బాధ ఏడాదిలో రెండు తీరులు. మార్చి నుండి మే వరకు గాలి పొడి. జూన్‌లో వాన మొదలైతే సెప్టెంబరు దాకా గోడలు చెమరుస్తాయి, అటకమీది పుస్తకాలకు బూజు పడుతుంది. ఎద్దు మూపురం వంటిదన్న అర్థంలో పేరు పొందిన బైలదిల్లా కొండలు వానమబ్బులలో రోజుల తరబడి కనబడకుండా పోవడం మనకు కొత్త కాదు. అటువంటి నెలల్లో పెట్టెలో తడి స్పాంజి పెట్టడం వరదలో ఉన్నవాడికి కుండెడు నీళ్లు ఇచ్చినట్లే.

ఈ సంగతి మేము అనుభవం మీదనే నేర్చుకున్నాము. ఉత్తరం వచ్చిన తరువాత పుస్తకంలో ఉన్నట్లే ఒక స్టీలు డబ్బాలో తడి స్పాంజి పెట్టి, స్నేహితులిచ్చిన చుట్టలు సర్ది మూత బిగించాము. వారం తిరగకముందే చుట్టలపై తెల్లని నూగు కనిపించింది. డబ్బా గోడలకు నీటి బొట్లు! కారణం తరువాత బోధపడింది. రాత్రి చల్లబడినప్పుడు లోపలి గాలిలోని ఆవిరి అంతే ఉన్నా తేమ శాతం పెరుగుతుంది. లోహం త్వరగా చల్లబడుతుంది కనుక ఆ ఆవిరి గోడలపై నీరుగా మారుతుంది. ప్రయాణంలోనూ ఇదే జరుగుతుంది. విశాఖ సముద్రతీరపు ఉక్కలో మూత పెట్టిన డబ్బా అనంతగిరి కొండలెక్కి, అరకు, కోరాపుట్ చలిగాలి తగిలి, జగ్దల్‌పూర్ మీదుగా కిరందుల్ చేరుతుంది. ఇనుప ఖనిజాన్ని రేవుకు చేర్చడానికి 1960లలో వేసిన ఆ దారి కొత్తవలస నుండి సుమారు 445 కిలోమీటర్లు. ఒకే రోజులో ఇన్ని వాతావరణాలు! పెట్టె పని తేమను పుట్టించడం కాదు, బయటి మార్పు లోపలికి తెలియకుండా చూడడమని ఆ డబ్బా మాకు నేర్పింది.

ఇక తయారీ. నాలుగువైపులా బిగింపు క్లిప్పులు, మూతలో రబ్బరు వలయం ఉన్న ప్లాస్టిక్ టిఫిన్ పెట్టె ఒకటి కొనండి. చుట్టకన్నా రెండంగుళాలు పొడవుంటే చాలు. మూత కింద సన్నని కాగితపు ముక్క ఉంచి బిగించి లాగి చూడండి. నాలుగువైపులా కాగితం గట్టిగా పట్టుకుంటే పెట్టె మంచిది. సులువుగా జారితే గాలి పోతున్నట్లే. గోరువెచ్చని నీటిలో వంటసోడా కలిపి కడిగి, ప్లాస్టిక్ వాసన పోయేదాకా మూత తీసి ఆరబెట్టాలి. పొగాకు ఇతర వాసనలను ఇట్టే పట్టుకుంటుంది.

లోపల అడుగున, పక్కల మూడు మిల్లీమీటర్ల మందపు పలుచని చెక్కలు అమర్చాలి. తూన్ దొరికితే శ్రేష్ఠం. ఖాళీ సిగారు పెట్టెలోని చెక్కలు ఎవరైనా ఇస్తే మరీ మంచిది. నూనె ఉన్న టేకు, ఘాటు వాసన గల దేవదారు, రంగు లేదా వార్నిషు పూసిన చెక్క పనికిరావు. సరైన చెక్క దొరకకపోతే ఉతికి ఆరవేసిన మందపాటి నూలుగుడ్డ పరచినా కొంత మేలు. చెక్కలను జిగురుతో అంటించవద్దు. కొలతకు కోసి ఒకదానికొకటి ఒరిసేలా బిగిస్తే చాలు. చెక్క, నిండుగా సర్దిన చుట్టలు రెండూ తేమకు బ్యాంకు వంటివి. ఎక్కువైతే దాచుకుంటాయి, తక్కువైతే బదులిస్తాయి. అందువల్ల సగం ఖాళీగా ఉన్న పెద్ద పెట్టెకన్నా నిండుగా ఉన్న చిన్న పెట్టెలో తేమ నిలకడగా ఉంటుంది.

మూత లోపలివైపు చిన్న డిజిటల్ తేమమాపనిని అంటించండి. అయితే అది చూపే అంకెను వెంటనే నమ్మవద్దు. సీసా మూతలో చెంచాడు ఉప్పు వేసి, తడి ఇసుకలా అయ్యేటట్లు నాలుగు చుక్కల నీరు కలపండి. ఆ మూతను, మాపనిని కలిపి గాలిచొరని సంచిలో ఒక రోజంతా ఉంచండి. తడి ఉప్పు తన చుట్టూ గాలిని 75 శాతం తేమ వద్ద నిలుపుతుంది. ఇది ప్రయోగశాలలు కూడా వాడే కొలమానం. మాపని 71 చూపితే అది నాలుగు తక్కువ చెబుతున్నదని పెట్టెమీద వ్రాసిపెట్టుకోండి.

వేసవిలో చిల్లుల సబ్బుడబ్బీలో స్పాంజి ముక్క ఉంచి, స్వేదన జలంతో తడిపి గట్టిగా పిండి, చుట్టలకు తగలకుండా ఒక మూలన పెట్టాలి. వానాకాలంలో దాన్ని తీసివేసి చిన్న సిలికా జెల్ పొట్లం ఉంచాలి. తేమ 65కు దిగగానే పొట్లం బయటికి తీయాలి, లేకుంటే ఆకు ఎండిపోతుంది. ట్రాన్స్‌ఫార్మరు బ్రీదరులో కనిపించే నీలిరంగు సిలికా జెల్ వాడాలని ఎవరికైనా తోచవచ్చు. వద్దు. అది సంస్థ సొత్తన్న మాట అటుంచి, నీలిరంగునిచ్చే కోబాల్ట్ క్లోరైడు విషపదార్థం. రంగు లేని తెల్లనిదే వాడండి. ఈ శ్రమ వద్దనుకొనేవారికి బోవెడా వంటి పొట్లాలు అమ్మకంలో ఉన్నాయి. వాటిలోని లవణద్రావణం పలుచని పొర గుండా తేమను అవసరాన్ని బట్టి ఇస్తుంది, పుచ్చుకుంటుంది కూడా. 65 అని ముద్రించినది మనకు చాలు.

చుట్టలకు బూజే కాక పురుగు భయమూ ఉంది. సూదిమొనంత రంధ్రాలు కనిపిస్తే పొగాకు పురుగు చేరినట్లే. వెచ్చని వాతావరణంలో దాని గుడ్లు పొదుగుతాయి. కొత్త కట్టను సంచిలో గట్టిగా మూసి ఒక రోజు ఫ్రిజ్‌లో, మూడు నాలుగు రోజులు డీప్ ఫ్రీజర్‌లో, మళ్లీ ఒక రోజు ఫ్రిజ్‌లో ఉంచి తీస్తే ఆ బెడద తప్పుతుంది. బూజు పట్టిన చుట్టను మాత్రం తుడిచి వాడవద్దు, పారవేయండి.

గాలి చొరని ప్లాస్టిక్ రాకముందే పొగాకును భద్రపరచుకోవడం ఈ అడవులవారికి తెలుసు. ముడియాలు కొయ్యతో చెక్కుకొనే పొగాకు డబ్బీలు వెరియర్ ఎల్విన్ 1951లో ప్రకటించిన మధ్యభారత గిరిజన కళల గ్రంథంలో చోటుచేసుకున్నాయి. అరచేతిలో ఇమిడే ఆ డబ్బీల కొలత కూడా గమనించదగినది.

ఆ కొలతే మేము చివరికి ఉంచుకున్న మాటకు దారి. పెట్టెను పద్నాలుగు చుట్టలు పట్టేలా మాత్రమే చేయండి, లోపల ఏడు గదులు పెట్టండి. రోజుకొక గది. వారం మధ్యలోనే పెట్టె ఖాళీ అయితే ఎవరూ చెప్పకుండానే పెద్దాయనకే తెలుస్తుంది. లెక్క తగ్గించుకున్నంత మాత్రాన పొగాకు నిరపాయం కాదు. నోటి కాన్సరుకు, గుండెజబ్బుకు అది కారణమన్నది నిర్ధారితమైన సత్యం. ముఖ్యంగా ఉత్తరాంధ్ర తీరంలో మన అమ్మమ్మలు నిప్పును నోటిలోపల ఉంచి కాల్చిన అడ్డపొగ ఎందరి అంగిట్లో పుండ్లకు కారణమైందో వైద్యులు చెబుతూనే ఉన్నారు. తండ్రిగారు వచ్చిన వారంలోనే ఒకసారి నోటి పరీక్ష చేయించండి. మానుదామని వారికే అనిపిస్తే వైద్యుల సాయం తీసుకోండి. పెట్టె పిల్లలకు అందనిచోట ఉండాలి. రైలు పెట్టెలోనూ, బహిరంగ ప్రదేశాలలోనూ పొగ త్రాగడం చట్టరీత్యా నేరం. ఇంట్లో కూడా మనుమలు ఆడుకొనే గదికి దూరంగా, పెరటి అరుగే వారి స్థానం.

సోదర ఉద్యోగికి మా మనవి ఒక్కటే. పెట్టెను మీరు ఒక్కరే చేసి అందించవద్దు. చెక్కలు కోసి సిద్ధం చేసి ఉంచండి. ఉప్పు పరీక్ష, గదుల అమరిక తండ్రిగారు వచ్చాక వారి చేతులమీదుగా, మనుమల సాయంతో జరగనివ్వండి. ఏ ఆకు ఎంత మెత్తగా ఉండాలో మాపనికన్నా వారి వేళ్లకు బాగా తెలుసు. ఈ ఏడు వినాయక చవితి పందిరి కిరందుల్‌లోనే వారి చేతులమీదుగా లేస్తే ఆ కబురు మాకు తప్పక వ్రాయండి.