మగ్గం మారింది, పాఠమూ మారాలి

సూరత్‌లో తెలంగాణ జిల్లాల నుంచి వలస వెళ్లిన పద్మశాలి కుటుంబాలు తరాలుగా సాంచాల (మరమగ్గాల) మీదే బతుకుతున్నాయి. వారి పిల్లల కోసం అక్కడి నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలోనూ ప్రాథమిక బడులు నడుపుతోంది. ఎనిమిదో తరగతి దాటి హైస్కూలుకు వెళ్లాక ఆ పిల్లలు ఏం నేర్చుకుంటున్నారన్నదే ఇప్పుడు తేలాల్సిన విషయం. తల్లిదండ్రులకు అన్నం పెట్టిన పని వేగంగా రూపు మార్చుకుంటోంది మరి.

చీర మీది పువ్వు ఇవాళ కంప్యూటర్ తెర మీద విరుస్తోంది. స్క్రీన్ ప్రింటింగులో ఒక్కో రంగుకు ఒక్కో స్క్రీన్ కావాలి. డిజిటల్ ప్రింటింగులో ఫైలు నేరుగా యంత్రానికి వెళ్తుంది. ఎంబ్రాయిడరీ యంత్రం నడవాలంటే ముందుగా ఎవరో డిజైన్‌ను ‘పంచింగ్’ చేయాలి, అంటే యంత్రం చదివే కుట్ల ఫైలుగా మార్చాలి. సూరత్ రింగ్‌రోడ్డు మార్కెట్ల వ్యాపారులు దూరప్రాంత కొనుగోలుదారులకు సరుకు చూపేది వాట్సాప్ ఫొటోల్లో, వీడియోల్లో. వీటిని నేర్పే చోటు బడి కాకపోతే, ఫీజు కట్టగలిగిన వారికే ఆ పని దక్కుతుంది.

కాగితం మీద కోర్సులకు లోటు లేదు. సీబీఎస్‌ఈ 2019-20లో తొమ్మిదో తరగతికి కృత్రిమ మేధను ఐచ్ఛికాంశంగా తెచ్చింది. గుజరాత్ బోర్డు పదకొండో తరగతి కంప్యూటర్ పుస్తకం మల్టీమీడియాను, సిన్‌ఫిగ్‌తో యానిమేషన్‌ను, ఉబుంటును పరిచయం చేసింది. ఇలాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌ను ఎంచుకోవడం పేదింటి పిల్లలకు మేలు చేసే నిర్ణయం. కానీ పన్నెండో తరగతిలో వెబ్‌సైట్ల తయారీకి నేర్పిన కొంపోజర్ సాఫ్ట్‌వేర్ అభివృద్ధి ఆగిపోయి పదేళ్లు దాటింది. పైగా పదకొండో తరగతి దాకా ఆగితే, ఈలోగా చదువు మాని పనిలో చేరిన పిల్లలకు అది అందదు.

అసలు చిక్కు ఈ కోర్సులకు దక్కే హోదాలో ఉంది. ప్రధాన సబ్జెక్టులో తప్పిన సీబీఎస్‌ఈ విద్యార్థికి ఆరో సబ్జెక్టుగా తీసుకున్న నైపుణ్య కోర్సు మార్కులు అక్కరకొస్తాయి. ఆ వెసులుబాటు మంచిదే. అయితే చదువులో వెనకబడిన వారికే ఈ కోర్సులన్న అపోహకూ అది తావిస్తోంది. మన దేశంలో 19-24 ఏళ్ల శ్రామికుల్లో లాంఛనంగా వృత్తివిద్య పొందినవారు 5 శాతం లోపేనని, దక్షిణ కొరియాలో 96 శాతమని 2020 జాతీయ విద్యావిధానమే గుర్తుచేసింది. 2025 నాటికి సగం మంది విద్యార్థులకు వృత్తివిద్య అనుభవం కల్పించాలని లక్ష్యమూ పెట్టుకుంది.

ఈ దిశగా కేరళ 2018లో ‘లిటిల్ కైట్స్’ క్లబ్బులు మొదలుపెట్టి యానిమేషన్, ఎలక్ట్రానిక్స్, సైబర్ భద్రతలను హైస్కూలు పిల్లల చేతికిచ్చింది. బడిలోని ఉపాధ్యాయులకే శిక్షణ ఇచ్చి ఆ బాధ్యత అప్పగించింది. ఆంధ్రప్రదేశ్ 2022 డిసెంబరులో ఎనిమిదో తరగతి పిల్లలకు ట్యాబులు పంచింది. పరికరం అవసరమే, కానీ నేర్పే మనిషి, వారానికి నికరమైన పీరియడ్లు ఉంటేనే అది సబ్జెక్టు అవుతుంది.

సూరత్ బడులు తొమ్మిదో తరగతి నుంచే ఈ నైపుణ్యాలను ఒక సబ్జెక్టుగా నేర్పాలి. ఏడాది చివర విద్యార్థి ఒక చీర డిజైన్ ఫైలు, ఒక ఉత్పత్తి వీడియో తయారుచేసి చూపాలి, మార్కులు దానికే ఉండాలి. పంచింగ్‌లో చేయి తిరిగినవారిని అతిథి బోధకులుగా పిలవాలి. తెలుగు బడి నుంచి వచ్చిన పిల్లలకు సాంకేతిక పదాల వివరణ తెలుగులోనూ ఇవ్వాలి. గణితం, విజ్ఞానశాస్త్రాలను తగ్గించి మాత్రం ఈ కోర్సు పెట్టకూడదు. డిజైన్ ఎన్ని అంగుళాలకు తిరిగి రావాలో తేల్చేది లెక్కే. సాంచా నడిపినవారి బిడ్డ డిజైనర్ కావాలన్నా ఇంజినీర్ కావాలన్నా రెండు దారులూ తెరిచి ఉంచడం ప్రభుత్వ బడి బాధ్యత.