‘గ్యాస్ నొప్పే కదా’ అనుకుంటే ప్రాణం మీదకే.. భద్రాద్రి ఏజెన్సీలో మహిళల గుండెపోటుకు ప్రతి గంటా కీలకమే!

మిరప కోతల సీజన్. పొద్దున్నే చేనుకెళ్లిన 50 ఏళ్ల మహిళకు మధ్యాహ్నానికి గుండెల్లో మంట మొదలైందనుకుందాం. వీపు లాగేస్తోంది.. ఒళ్లంతా చెమటలు. ఎండదెబ్బ అని ఒకరంటారు, గ్యాస్ అని ఇంకొకరంటారు. సోడా తాగించి చెట్టు కింద పడుకోబెడతారు. సాయంత్రం ఆర్ఎంపీ దగ్గరికి, రాత్రికి భద్రాచలం ఆసుపత్రికి. అప్పటికే ఆరేడు గంటలు గడిచిపోతాయి. అది గుండెపోటే అయితే, గుండె కండరం చాలావరకు దెబ్బతిని ఉంటుంది.

గుండెపోటు అంటే మగవాళ్ల జబ్బు అన్న నమ్మకం ఊళ్లలో ఇంకా ఉంది. లెక్కలు మాత్రం వేరే మాట చెబుతున్నాయి. 2021లో లాన్సెట్ కమిషన్ ఇచ్చిన నివేదిక ప్రకారం, 2019లో ప్రపంచవ్యాప్తంగా చనిపోయిన మహిళల్లో 35 శాతం మందిని బలి తీసుకున్నవి గుండె, రక్తనాళాల జబ్బులే. మహిళల్లో ఈ జబ్బులను గుర్తించడం, చికిత్స చేయడం రెండూ తక్కువేనని అదే నివేదిక తేల్చింది.

నొప్పి ఎలా ఉంటుంది?

మహిళల్లోనూ ఎక్కువగా కనిపించే లక్షణం ఛాతీ నొప్పే. కాకపోతే సినిమాల్లో చూపించినట్టు గుండె పట్టుకుని కుప్పకూలడం అన్నిసార్లూ ఉండదు. ఛాతీ మీద బరువు పెట్టినట్టు, బిగబట్టినట్టు ఉండొచ్చు. దవడ, మెడ, భుజం, వీపు, పొట్ట పైభాగం లాగొచ్చు. ఆయాసం, వాంతి వచ్చినట్టుండటం, చల్లటి చెమటలు, కళ్లు తిరగడం, ఎప్పుడూ లేనంత నీరసం.. ఇవి మగవాళ్ల కంటే ఆడవాళ్లలో ఎక్కువగా తోడవుతాయి. షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి పెద్దగా తెలియకపోవచ్చు కూడా.

సమస్యంతా ఇక్కడే. ఈ లక్షణాలన్నింటికీ ఇంట్లో ముందే ఒక పేరు రెడీగా ఉంటుంది. గ్యాస్, ఎండ, పని అలసట, నెలసరి ఆగిపోయే వయసు.. ఇలా ఏదో ఒకటి. పైగా ఇంటి పని, కూలి పని ఆగిపోతాయని ఆమే నొప్పి దాచుకుంటుంది. గ్యాస్ మాత్ర వేసుకుంటే కాస్త తగ్గిందని ఊరుకోవడం ఇంకా ప్రమాదం. నొప్పి తగ్గినంత మాత్రాన అది గుండెది కాదని అర్థం కాదు. తేల్చేది ఈసీజీ, రక్త పరీక్షే.

రోడ్డు లెక్క చూస్తే..

పట్నంలో రెండు గంటలు ఆలస్యమైనా పక్కనే పెద్దాసుపత్రి ఉంటుంది. ఇక్కడ అలా కాదు. ఛత్తీస్‌గఢ్ సరిహద్దులోని చర్ల నుంచి భద్రాచలానికి దాదాపు 60 కిలోమీటర్లు. అక్కడి నుంచి ఖమ్మం మరో 120 కిలోమీటర్ల వరకు ఉంటుంది. ఖమ్మం ప్రభుత్వాసుపత్రిలో 2022లో క్యాథ్ ల్యాబ్ వచ్చింది, నిజమే. కానీ గుండెపోటు అని తేలాక రెండు గంటల్లోపు యాంజియోప్లాస్టీ జరగాలన్నది వైద్యుల ప్రమాణం. అడవి పల్లె నుంచి ఆ టైంకి ఖమ్మం చేరడం దాదాపు అసాధ్యం. ఇక 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71 అడుగులు దాటినప్పటిలాంటి వరదొస్తే, రోడ్డే ఉండదు.

మరి దారేది? రెండు గంటల్లో యాంజియోప్లాస్టీ కుదరనప్పుడు, ఈసీజీలో పెద్ద గుండెపోటు అని తేలితే, దగ్గర్లోని ఆసుపత్రిలోనే రక్తపు గడ్డను కరిగించే ఇంజెక్షన్ ఇవ్వాలి. ఆ తర్వాతే పెద్దాసుపత్రికి తరలించాలి. నొప్పి మొదలైన 12 గంటల్లోపు ఇది పనిచేస్తుంది. మొదటి రెండు మూడు గంటల్లో ఇస్తేనే ఎక్కువ మేలు. తమిళనాడులో చిన్న ఆసుపత్రులను పెద్దాసుపత్రులతో కలిపి ఇదే పద్ధతి అమలు చేశారు. 2017లో వచ్చిన ఆ అధ్యయనంలో, ఏడాదిలోపు మరణాలు 17.6 శాతం నుంచి 14.2 శాతానికి తగ్గాయి.

అంటే ఏజెన్సీలో ఒక మహిళ ప్రాణం రెండు విషయాల మీద ఆధారపడి ఉంది. ఒకటి, ఇంట్లో వాళ్లు ఎంత త్వరగా అనుమానించారు. రెండు, దగ్గర్లో ఏ టైంలో వెళ్లినా ఈసీజీ తీసేవాళ్లు, ఆ ఇంజెక్షన్ ఉన్నారా లేదా. మొదటిది కుటుంబం చేతిలో ఉంది. రెండోది ప్రభుత్వ బాధ్యత. మూడు రాష్ట్రాల పల్లెల నుంచి రోగులు వచ్చే భద్రాచలం ఏరియా ఆసుపత్రి విషయంలో ఈ బాధ్యత ఇంకా ఎక్కువ.

నొప్పి వస్తే ఏం చేయాలి?

* లక్షణాలు 10, 15 నిమిషాలైనా తగ్గకపోతే వెంటనే 108కి ఫోన్ చేయాలి. తగ్గి మళ్లీ వచ్చినా అంతే.
* నడిపించొద్దు, బైక్ మీద కూర్చోబెట్టొద్దు. వేరే దారి లేకపోతే ఆటోనో, జీపో చూడాలి.
* ఆస్పిరిన్ మాత్ర 108 సిబ్బంది గానీ, డాక్టర్ గానీ చెబితేనే నమిలించాలి. అలర్జీ, రక్తస్రావం సమస్య ఉంటే ముందే చెప్పాలి.
* ఆసుపత్రిలో ‘గ్యాస్ నొప్పి’ అని చెప్పొద్దు. నొప్పి ఎక్కడుంది, ఎన్నింటికి మొదలైందో చెప్పి ఈసీజీ అడగాలి. మొదటిది నార్మల్ వచ్చినా నొప్పి ఉంటే మళ్లీ తీయించాలి.

ముందే జాగ్రత్త పడొచ్చా?

పడొచ్చు. 52 దేశాల్లో జరిగి 2004లో వెలువడిన ఇంటర్‌హార్ట్ అధ్యయనం ప్రకారం, మహిళల్లో తొలి గుండెపోటు ముప్పులో 94 శాతానికి తొమ్మిది కారణాలే మూలం. వాటిలో బీపీ, షుగర్, కొలెస్ట్రాల్, పొగాకు, పొట్ట చుట్టూ కొవ్వు, మానసిక ఒత్తిడి ఉన్నాయి. ఇక్కడి ఇళ్లలో మరోటి కలుస్తుంది.. కట్టెల పొయ్యి పొగ. కాన్పు సమయంలో బీపీ, షుగర్ వచ్చినవాళ్లకు ఆ తర్వాత కూడా ముప్పు ఎక్కువే. కాన్పు అయ్యాక తగ్గిపోయిందని మర్చిపోకూడదు.

30 ఏళ్లు దాటితే ఏఎన్ఎం దగ్గర, ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో బీపీ, షుగర్ పరీక్షలు ఉచితం. మందులూ అక్కడే ఇస్తారు. తగ్గాయని మధ్యలో మానేస్తేనే అసలు ప్రమాదం. వైద్యం ఖర్చుకు భయపడి ఆగిపోవాల్సిన పనిలేదు. 2023 డిసెంబర్ 9 నుంచి రాష్ట్రంలో ఆరోగ్యశ్రీ పరిమితి రూ.10 లక్షలకు పెరిగింది.

రోడ్డు దూరాన్ని ఒక్కరోజులో తగ్గించలేం. ఇంట్లో జరిగే ఆలస్యాన్ని మాత్రం ఈరోజే తగ్గించొచ్చు. ఇంట్లో అమ్మకో, అక్కకో గుండెల్లో మంటగా ఉందంటే, సోడా కోసం కాదు.. ముందు 108 కోసం ఫోన్ తీయాలి.