విస్తీర్ణం గడి పక్కన హెల్ప్ విండో పెట్టండి

భూ రికార్డుల సాఫ్ట్‌వేర్ చూసే అధికారులకు,

తెలంగాణ పల్లెల్లో 2.20 అంటే రెండెకరాల ఇరవై గుంటలు. ఎకరానికి 40 గుంటలు కాబట్టి దశాంశాల్లో అది 2.50 ఎకరాలు. తెర మీద ‘విస్తీర్ణం’ అని మాత్రమే ఉంటే కొత్తగా చేరిన ఆపరేటర్ ఏది కొట్టాలి? దశాంశాలు అడిగే గడిలో 2.20 కొడితే పన్నెండు గుంటలు గల్లంతవుతాయి. అలాగే సర్వే నంబరు 112/అ బదులు 112/ఆ పడితే దరఖాస్తు పక్క రైతు భూమి మీదికి పోతుంది.

ఇలాంటి తప్పును దిద్దించుకోవడానికి రైతు కూలి పోగొట్టుకుని ఆఫీసుల చుట్టూ తిరగాలి. కాగితం సరికాకపోతే పంట రుణం ఆగుతుంది, అమ్మకం ఆగుతుంది. ఆపరేటర్‌ను తిట్టి లాభం లేదు. శిక్షణలో విన్నదంతా క్యూ ముందు కూర్చున్నప్పుడు గుర్తుండదు.

మేం కోరేది ఒక్కటే. ప్రతి ముఖ్యమైన గడి పక్కన ప్రశ్న గుర్తు పెట్టండి. నొక్కగానే చిన్న విండో తెరుచుకుని ఏం రాయాలో, పాస్‌బుక్‌లో ఎక్కడ చూడాలో తెలుగులో ఒక ఉదాహరణతో చెప్పాలి. నింపుతున్న ఫారం మాత్రం మూతపడకూడదు. ఈ సహాయ వాక్యాలను డేటాబేస్‌లోనే విడి టేబుల్‌లో ఉంచితే, నిబంధన మారినప్పుడు ప్రోగ్రామ్‌ను ముట్టుకోకుండా వాటినే మార్చుకోవచ్చు.

ముందుగా విస్తీర్ణం, సర్వే నంబరు గడులతో మొదలుపెట్టండి. వాక్యాలు ఖరారు చేసేముందు కౌంటర్లలో పనిచేసేవాళ్లకు చూపించండి. ఎప్పటిలోగా చేస్తారో తేదీతో సహా ప్రకటించండి.

ఇట్లు,
ఒక పట్టాదారు