నెలలు నిండని మెదడుకు ముక్కు దారి

2020లో భారత్‌లో దాదాపు 30 లక్షల మంది శిశువులు నెలలు నిండకుండానే పుట్టారు. ప్రపంచంలో మరే దేశంలోనూ ఇంతమంది లేరు. ఇంక్యుబేటర్లు, వెంటిలేటర్ల పుణ్యమా అని బతికి బయటపడేవారు పెరిగారు. అసలు చిక్కు ఇంటికెళ్లాక తెలుస్తుంది. కొందరికి నడక ఆలస్యం. మరికొందరు బడిలో వెనకబడతారు.

ఇందుకు ఒక ముఖ్య కారణం మైలిన్‌. కరెంటు తీగకు ప్లాస్టిక్‌ తొడుగు ఎలాగో మెదడులోని నరాల పోగులకు ఈ కొవ్వు పొర అలాగ. దాన్ని చుట్టేవి ఆలిగోడెండ్రోసైట్లనే కణాలు. ఆరు, ఏడు నెలలకే పుట్టిన బిడ్డలో అవింకా పసివి. ఎదగని ఊపిరితిత్తులు ఆక్సిజన్‌ సరిగా అందించకపోతే ఎక్కువగా దెబ్బతినేవి అవే. చచ్చిన వాటి స్థానంలో కొత్తవి పుడతాయి గానీ ఎదుగూ బొదుగూ లేకుండా ఉండిపోతాయి.

వాటికి ఆజ్ఞలిచ్చేవి గ్రోత్‌ ఫ్యాక్టర్లు. ఒక్కోదానిదీ ఒక్కో మాట. పీడీజీఎఫ్‌ 'సంఖ్య పెంచండి' అంటుంది. ఎఫ్‌జీఎఫ్‌-2 దానికి వంతపాడుతూనే కణాలు పెద్దవి కాకుండా అడ్డుపడుతుంది. ఏదో ఒకటి గుమ్మరిస్తే పని జరగదన్నమాట. 2002లో ఏడుగురు మల్టిపుల్‌ స్క్లెరోసిస్‌ రోగులకు ఐజీఎఫ్‌-1 ఇచ్చి చూస్తే ఫలితం కనిపించలేదు.

వాషింగ్టన్‌లోని ఓ పిల్లల ఆస్పత్రిలో విటోరియో గాలో బృందం ఎంచుకున్నది ఈజీఎఫ్‌ను. స్టాన్లీ కోహెన్‌ ఎలుకల లాలాజల గ్రంథుల్లో కనుగొన్న పదార్థమిది. దాన్ని ఎక్కించిన ఎలుక పిల్లలు గడువుకు ముందే కళ్లు తెరిచాయి. ఆయనకు 1986లో నోబెల్‌ వచ్చింది. గాలో బృందం పసి ఎలుకలను రోజుల తరబడి తక్కువ ఆక్సిజన్‌లో ఉంచి, ఆ వెంటనే ఈజీఎఫ్‌ను ముక్కులో వేసింది. సూది లేదు, కోత లేదు. కణాల చావు తగ్గింది, కొత్తవి పుట్టి మైలిన్‌ చుట్టాయి. సన్నని బద్దీ మీద నడిపిస్తే కాళ్లు జారడమూ తగ్గింది. 2014లో 'నేచర్‌' దీన్ని ప్రచురించింది. కిటుకు మందులో కన్నా వేళలో ఉంది. దెబ్బ తగిలాక ఓ కీలక సమయంలోనే ఆ కణాలు ఆజ్ఞను వింటాయి.

శిశువులకు ఇదింకా చికిత్స కాదు. ఈజీఎఫ్‌ మాట వినే రిసెప్టర్‌ కొన్ని ఊపిరితిత్తుల కేన్సర్లలో అదుపు తప్పి కణితిని పెంచుతుంది. దాని నోరు నొక్కడానికే డాక్టర్లు జెఫిటినిబ్‌ మాత్రలు ఇస్తున్నారు. పసిబిడ్డ మెదడులో అదే రిసెప్టర్‌ను తట్టిలేపాలంటే ఎంత మోతాదు, ఎన్ని రోజులన్నది ముందు తేలాలి.